గ్రావిటీకి చిక్కని పిల్లగాడు

"అబద్ధమైతే ఈ చాయ్ నా గొంతు దిగద్దు సారూ. జరిగింది జరిగినట్టే సెప్తున్న," అంటూ జనార్ధన్ గారు గ్లాసు బెంచీ మీద పెట్టారు. ఆయన గ్లాసు కింద పెట్టారంటే ఇక ఆ చాయ్ సంగతి మరిచిపోవాల్సిందే.

బౌరంపేట్ దాటాక మా పిల్లలు చదివే హాస్టల్ స్కూలు ఉంది. దాని గేటుకి ఎదురుగా బాలమణి చాయ్ కొట్టు, రేకుల షెడ్డు. నెలకో ఆదివారం తల్లిదండ్రులందరం క్యారేజీలు పట్టుకుని అక్కడే పడిగాపులు పడతాం. పిల్లల పేరు రాసిన చీటీ వాచ్‌మన్‌కి ఇస్తే గదికి చేరుస్తారు, పిల్లలు సరేనంటే మైకులో పిలుస్తారు. పిల్లలు మెట్లు దిగి పరుగెత్తుకొస్తారు. రెండింటికి గేటు మూసేస్తారు. నా పేరు రాజారావు. మాది భీమవరం వైపు, ఉద్యోగరీత్యా వచ్చి కీసర దగ్గర కాలనీలో స్థిరపడ్డాం. మా అమ్మాయి సహస్ర ఇక్కడ తొమ్మిదో తరగతి. జనార్ధన్ గారిది తూంకుంట. ఒకప్పుడు పొలాలు, ఇప్పుడు అవే ప్లాట్లు. ఎండైనా వానైనా ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా. ఆయన కొడుకు నిఖిల్‌ది మా అమ్మాయి సెక్షనే.

పోయిన నెల ఆయన చీటీ ఇచ్చి గేటు మూసేదాకా కూర్చున్నారు. పిల్లాడు రాలేదు. తెచ్చిన క్యారేజీ తెచ్చినట్టే వెనక్కి పోయింది. అంతకుముందు నెలా అంతే. అప్పుడు వాళ్ళావిడ కూడా వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈసారి ఆవిడ రాలేదు. వాడికి దగ్గరుండి తినిపించి, చిక్కాడో ఒళ్ళు చేశాడో చూసి రమ్మని మాత్రం చెప్పి పంపిందట. ఈ మాట ఆయన మాతో అనలేదు, ఆయన చీటీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు బాలమణి చెప్పింది. ఆయన చెప్పేవి వేరే రకం. అందుకే ఆయన లేనప్పుడు మేమంతా ఆయన్ని కోతలరాయుడు అనుకుంటాం. ఆయన ఉన్నప్పుడు మాత్రం చుట్టూ చేరి వింటాం.

"జూన్ నెల సారూ. బడి తెరిసిన్రు. ఫిజిక్స్ సారు మోషన్ పాఠం మొదలువెట్టిండు. పిల్లలూ, ఇంటికాడికెల్లి బయలెల్లి నాలుగు కిలోమీటర్లల ఉన్న బడికి పోయిన్రు అనుకోండ్రి, మల్ల ఇంటికి వచ్చిన్రు, మీ డిస్‌ప్లేస్‌మెంట్ ఎంత అని అడిగిండు. ఒకడు నాలుగు కిలోమీటర్లు అన్నడు. ఒకడు ఎనిమిది అన్నడు. ఒక పిల్ల, నేను ఆటోల పోత సార్ అన్నది. మావోడు లేసి, సున్నా సార్, యాడికెల్లి మొదలైనమో ఆడికే వచ్చినం గదా అన్నడు. గంతే. సారు చేతిలకెల్లి చాక్‌పీస్ కింద పడ్డది."

"అది నిజమేనండీ. మా అమ్మాయీ చెప్పింది," అన్నాను. నిజంగానే చెప్పింది.

"నిజం కాకపోతే నేనెందుకు సెప్త సారూ? ఫస్ట్ యూనిట్ టెస్టు ఫిజిక్స్‌ల మావోడే ఫస్టు. నా ఫోన్ల మెసేజ్ వచ్చింది. నేను ఊకుంటనా? తూంకుంట చౌరస్తా కాడ ఫ్లెక్సీ కట్టిచ్చిన. మావోని ఫోటో ఇంత, నాది ఇంత," అని చేతులు బార్లా చాపారు. "కింద మన దోస్తులయి అందరియి. భావి శాస్త్రవేత్త, ఫిజిక్స్ పులి నిఖిల్‌కు శుభాకాంక్షలు. ఒకటి ఏం సాలుతది, శామీర్‌పేట దాంక స్తంభానికొకటి ఏపిచ్చిన. కరీంనగర్ పొయ్యే బస్సులు ఆగి, అందరు సదువుకున్నంక గాని కదలలే."

"యూనిట్ టెస్టుకి ఫ్లెక్సీలా?" అన్నారు గోపాలరావు గారు. ఆయన మనవడు దీక్షిత్ కోసం వస్తారు.

"టెస్టు ఏదైతేంది సారూ, ఫస్టు ఫస్టే గదా."

మైకు గరగరలాడింది. "నైన్త్ బి, దీక్షిత్." గోపాలరావు గారు లేచి గేటు వైపు నడిచారు. జనార్ధన్ గారు ఆ వెళ్ళే మనిషి వీపు కాసేపు చూసి, ఒళ్ళో క్యారేజీ సర్దుకుని, గొంతు ఇంకాస్త పెంచారు.

"మావోని పేరు ఇంకా పిలువలే. ఎందుకో ఎర్కేనా? సార్లు ఇడుస్తలేరు వాన్ని. ఆ సున్నా సెప్పిన దినంకెల్లి ఫిజిక్స్ సారు బెంచీల కూసుంటుండు, మావోడు బోర్డు కాడ నిలవడి సెప్తుండు. ప్రిన్సిపాల్ వచ్చి, ఏందిది, ఎవలు సారు ఎవలు పిల్లగాడు అని గరమయిండు. జరసేపు నిలవడి ఇన్నడు. నేను సుత కూసుంట అన్నడు. ఇగ ఆదివారం గూడ సార్లకే క్లాసు. ముందు బెంచీల ప్రిన్సిపాల్. రాసుడు జర స్లో అయితే మావోడు ఆయన్ని బయట నిలవెడుతుండట."

బాలమణి చాయ్ వడపోస్తూ నవ్వింది. "పటేలా, ప్రిన్సిపాల్ సారు ఇప్పుడే గీడ సిగరెట్ తాగి పోయిండు."

"బయట నిలవెట్టిండని సెప్తలేనా మరి?"

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. నవ్వు తెప్పించి తాను నవ్వకుండా ఉండటం ఆయనకి బాగా తెలుసు. ఒక చెవి మాత్రం ఎప్పుడూ మైకు వైపే ఉండేది.

"సరేనండీ, మరి బోనాలకి ఇంటికొచ్చాడా?" అని, పోయినసారి విన్న కథే అయినా నేనే అందించాను. ఎండలో కూర్చున్న వాళ్ళకి కాలక్షేపం కావాలి.

"వచ్చిండు. వచ్చినంక ఏమైందో ఎర్కేనా? ఒకటే వాన. మన లేఅవుట్‌ల జేసీబీ బురదల దిగవడ్డది. దాన్ని గుంజనీకి ఇంకో జేసీబీ తెచ్చినం, అదీ దిగవడ్డది. ఆ రెండిట్ని గుంజనీకి క్రేను తెచ్చినం, అది నడుం దాంక పోయింది. డ్రైవర్లు నెత్తికి చేతులు పెట్టుకొని కూసున్నరు. మావోడు సైకిల్ మీద వచ్చిండు. చెప్పులు ఇడిసి బురదల కాలు పెట్టి ఇట్ల జారిచ్చి సూసిండు. ఏం లేదు నాయినా, ఫ్రిక్షన్ తక్వైంది అన్నడు. మిల్లుకాడికెల్లి ఒక్క బస్తా ఊక తెప్పిచ్చి చక్రాల కింద సల్లిండు. బర్రెను పట్టుకొచ్చినట్టు క్రేను కొక్కెం పట్టుకొని రా అన్నడు. వచ్చింది. దాని ఎన్క జేసీబీలు వచ్చినయి. ఇగ ఆగుతలేవు. మేడ్చల్ దాంక ఉరికినం వాటి ఎన్క."

"ఫ్రిక్షన్ ఎక్కువైతే ఆగాలి కదండీ?"

"అది మామూలు ఫ్రిక్షన్ సారూ. ఇది మావోడు సల్లింది."

ఇంతలో "నైన్త్ ఎ, సహస్ర" అని పిలుపొచ్చింది. మా ఆవిడ జానకీదేవి గబగబా గేటు దగ్గరికెళ్ళి అమ్మాయిని వెంటబెట్టుకొచ్చింది. ఎదుటి బెంచీ మీద కూర్చోబెట్టి పులిహోర మూత తీసింది. సహస్ర జనార్ధన్ గారిని చూసి "నమస్తే అంకుల్" అంది. వాళ్ళ సెక్షనే పిలుస్తున్నారు కదా, ఆయన ముఖం విప్పారింది.

"బిడ్డా, మావోనికి చీటీ అందిందా? సూసినవా?"

"అందింది అంకుల్," అని తల దించుకుని పులిహోర కలపడం మొదలుపెట్టింది. అది కలిపి తెచ్చిన పులిహోరే.

అందింది అన్న ఆ ఒక్క మాటకి జనార్ధన్ గారు గేటు వైపు చూశారు. పెదవులు తడుపుకున్నారు. మళ్ళీ మా వైపు తిరిగి, మొదట ఉన్నదానికి రెట్టింపు గొంతుతో అందుకున్నారు.

"సూసిన్రా? అందింది గాని రానీకి టైం లేదు. వాని పని గట్లుంటది. ఇంకొకటి సెప్త ఇనుండ్రి. అదే వానలకు శామీర్‌పేట చెరువు నిండింది. మనోళ్ళ ట్రాక్టర్ కట్ట మీదికెల్లి జారి నీళ్ళల పడి మునిగింది. జనం అంత పరేషాన్. మావోడు, ట్రాక్టర్ ఎన్ని నీళ్ళు పక్కకు జరిపిందో చేతి ఏళ్ళ మీద లెక్క కట్టిండు. పెండ్లిళ్ళకు తెస్తరు సూడు నీళ్ళ క్యాన్లు, అవి ఖాళీయి తెప్పిచ్చి సుట్టు కట్టిండు. లేసింది సారూ ట్రాక్టర్. లేసి ఊకుందా, నడుస్తాంది. నీళ్ళ మీద. మావోడు స్టీరింగ్ పట్టిండు. హారన్ కొట్టుకుంట చెరువు సుట్టు తిరుగుతుంటే చేపలు పక్కకు జరిగి బాట ఇస్తున్నయి. సిటీకెల్లి చెరువు సూడనీకి వచ్చినోళ్ళు, బాబూ మమ్మల్ని గూడ ఎక్కిచ్చుకో అని ఒకటే లొల్లి."

గోపాలరావు గారు దీక్షిత్‌ని పక్కన కూర్చోబెట్టుకుని దద్దోజనం తినిపిస్తూ పొలమారి దగ్గారు. దీక్షిత్ నవ్వుతూ సహస్ర వైపు చూశాడు. సహస్ర నవ్వలేదు. వాడివైపు కోపంగా చూసింది. అదెందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

దుండిగల్ వైపు నుంచి ట్రైనింగ్ విమానం ఒకటి రేకుల మీదుగా దడదడలాడుతూ పోయింది. ఆ చప్పుడు తగ్గేదాకా మాట వినపడదు కాబట్టి అందరం ఆగాం. ఆయన ఆ కాస్త వ్యవధిలో హాస్టల్‌లో నిఖిల్ వాళ్ళుండే మూడో అంతస్తు కిటికీల్ని ఒక చివర నుంచి రెండో చివరకి చూశారు. చూసి, పైకి వేలెత్తారు.

"గీ విమానాలున్నయి సూడుండ్రి, మావోన్ని అడిగే పోతయి. సౌండ్ పాఠం అయ్యేటప్పుడు ఈ చప్పుడుకు సారు మాట ఇనవడుతలేదు. మావోడు మిద్దె మీదికెక్కి, మెరుపు కనవడ్డంక ఉరుము ఎప్పుడు ఇనవడుతదో లెక్క కడ్తరు గదా, గట్ల లెక్క కట్టి, విమానం వచ్చే యాళ్ళకు చెయ్యి అడ్డం పెట్టిండు. ఆగింది. గాలిల ఆగింది సారూ. పైలటు అద్దం దించి, ఏంది తమ్మీ అన్నడు. పాఠమైతాంది, జర సుట్టు తిరిగి పో అన్నడు మావోడు. సారీ తమ్మీ అని ఎన్కకు మర్లిచ్చుకున్నడు."

"మరి గిప్పుడు నెత్తి మీదికెల్లే పాయె గద పటేలా," అంది బాలమణి.

"ఇయ్యాల ఆదివారం బాలమణీ. పాఠం ఉండదు గదా."

నాకు నోరు ఊరుకోలేదు. "ఆదివారం సార్లకి క్లాసు తీసుకుంటున్నాడని ఇందాకే అన్నారు కదండీ. అందుకే రావట్లేదన్నారు."

ఆయన నావైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాను, లేదు. దారి మూసేశాక ఇంకో దారి వెతుక్కునే మనిషి చూపు అది. వాచ్‌మన్ బయటికొచ్చి గేటు పక్కన కుర్చీ లోపలికి జరుపుకున్నాడు. రెండు కావస్తోంది. జనార్ధన్ గారు ముందుకి వంగి గొంతు తగ్గించారు.

"ఇది ఎవ్వరికి సెప్పద్దనుకున్న సారూ. మీరు మనోళ్ళు గనక సెప్తున్న. గ్రావిటీ పాఠం మొదలైంది. భూమి అందర్ని గుంజుతది గదా. నన్ను, నిన్ను, గీ బెంచీని, అన్నిట్ని. అందరి పిల్లలు అది సదివి పరీక్ష రాసి మర్సిపోతరు. మావోడు ఆ పాఠం ఎంత లోపటికి పోయిండంటే, భూమి ఏ తాడుతోని గుంజుతాందో ఆ తాడు దొరికింది వానికి. ముడి ఇప్పిండు. గంతే. కాళ్ళు నేలకు ఆనుతలేవు. మొదలు జానెడు లేసిండట. తర్వాత మంచమంత. ఇప్పుడు ఫ్యాను కాడ ఉంటుండు. బువ్వ పళ్ళెం కర్రకు కట్టి అందిస్తున్నరు. కిటికీలకెల్లి యాడ పోతడోనని తువ్వాలతోని మంచం కోడుకు కట్టేస్తున్నరు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆయన చెబుతున్న తీరు మారింది.

"చీటీ పోతది గదా. నిఖిల్, మీ నాయిన వచ్చిండు అని. వానికి రావాలనే ఉంటది సారూ. మస్తుగుంటది. మెట్ల దాంక వస్తడు. రెయిలింగ్ పట్టుకుంటడు. గని దిగరాదు. పైకి పోవుడు వచ్చింది గని కిందికి దిగుడు వస్తలేదు వానికి. వాడేం జేస్తడు. నాయిన గీడ కూసున్నడని ఎర్కే, అమ్మ సర్వపిండి చేసి పంపిందని ఎర్కే. ఏడుస్తుండట. ఆ కన్నీళ్ళు సుత కింద పడతలేవట సారూ. పైకే పోతున్నయట."

నేను ఆయన ముఖం చూడలేక నా చేతి గడియారం చూసుకున్నాను. ఇన్నాళ్ళూ వినోదం కోసం ఈయన్ని ఎగదోసింది ఇందుకా అనిపించింది.

"వాడు దిగగలడు అంకుల్," అంది సహస్ర.

జానకి దాని మోచేయి పట్టుకుంది. "నీకెందుకే, తిను." సహస్ర చేయి విదిలించుకుంది.

"దిగగలడు అంకుల్. కావాలనే దిగట్లేదు. చీటీ అందాక లోపలి నుంచి తలుపు గడియ పెట్టుకున్నాడట. మీరిక్కడ చెప్పేవన్నీ లోపలికి వస్తాయి. మేమే మోసుకెళ్తాం. భోజనాల దగ్గర వింటాం కదా, నవ్వొస్తుంది, వెళ్ళి చెప్పుకుంటాం. సాయంత్రానికి హాస్టలంతా తెలుస్తుంది. జేసీబీ కథ పోయినసారే వచ్చింది. వారం రోజులు వాడి మంచం మీద ఎవరో ఒకరు ఊక పోశారు."

దీక్షిత్ తల దించుకున్నాడు.

"ఆ ఫ్లెక్సీ ఫోటో ఎవరి అన్నయ్యో తీసి తెచ్చాడు. అప్పట్నుంచి వాణ్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు అంకుల్. ఫ్లెక్సీ అంటారు. సార్లు కూడా అంతే. ఏరా శాస్త్రవేత్తా, ఈ లెక్క చెప్పు అంటారు."

ఈసారి జనార్ధన్ గారి నుంచి వచ్చింది మేమెప్పుడూ వినని గొంతు. "నాకు మెసేజీలు వస్తున్నయి బిడ్డా. వారం వారం. ఫిజిక్స్‌ల సున్నా, ఫిజిక్స్‌ల సున్నా అని. నేను ఇంట్ల గూడ సెప్పలే. పోరనికి వస్తలేదు, నాయినకు ముఖం ఎట్ల సూపెట్టాలె అని సిగ్గయి దిగుతలేడు అనుకున్న. నలుగుర్ల వాని ఇజ్జత్ పోవద్దని..."

"రాక కాదు అంకుల్. వాడికి ఫిజిక్స్ మా అందరికంటే బాగా వచ్చు. నాకు లెక్కలు అర్థం కాకపోతే వాడినే అడుగుతాను. పరీక్షలో పేపరు మీద పేరు రాసి ఖాళీగా ఇచ్చేస్తాడు. ఫిజిక్స్ ఒక్కటే. మిగతావన్నీ రాస్తాడు. ఎందుకురా అంటే, మళ్ళీ ఫస్టొస్తే మా నాయిన మళ్ళీ ఫ్లెక్సీ కడతాడు అన్నాడు."

జానకి కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు మా అమ్మాయి మీద కోపం రాలేదు, గర్వమూ కలగలేదు. ఆ పెద్దమనిషి అక్కడ లేకపోతే బాగుండు అనిపించింది.

"నిజంగ వస్తదా వానికి?" అన్నారు జనార్ధన్ గారు.

"ఏంటి అంకుల్?"

"ఫిజిక్స్. నిజంగనే వస్తదా?"

"వచ్చు అంకుల్. నిన్న సారు బోర్డు మీద లెక్క తప్పు చేశారు. ఎవరికీ తెలియలేదు. నిఖిల్ చివరి బెంచీలోంచి లేచి చెప్పలేదు. క్లాసయ్యాక నాకొక్కదానికే సరిచేసి చూపించాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

ఆ ముఖం ఎట్లా వెలిగిందో నేను చెప్పలేను. మూడు నెలలుగా లేనిదాన్ని ఉన్నట్టు చెప్పుకుంటూ తిరిగిన మనిషికి అది నిజంగానే ఉందని తెలిసింది. గబుక్కున మా వైపు తిరిగారు. చెయ్యి లేచింది. "సూసిన్రా" అనడానికి నోరు తెరుచుకుంది కూడా. తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశారు. మా వెనక భోజనాలు చేస్తున్న పిల్లల్ని చూశారు. చెయ్యి మెల్లగా మోకాలి మీదికి దిగింది.

వాచ్‌మన్ గేటు సగం మూసి ఈల వేశాడు. సహస్ర లేచింది. ఆయన ఒళ్ళో క్యారేజీ దాని చేతిలో పెట్టారు.

"గిది వానికియ్యి బిడ్డా. వాళ్ళమ్మ పంపింది అను. నేనొచ్చిన అనకు."

"మీ చీటీ అందింది కదా అంకుల్, వాడికి తెలుసు."

"ఎర్కైతే ఎర్కాయె. నేను గీడ ఏం మాట్లాడలేదని సెప్పు. ఉత్తగ కూసున్నడు అని సెప్పు."

సహస్ర తల ఊపి వెళ్ళిపోయింది. మెట్ల మీద దాని జడ కనపడినంతసేపూ చూశాం. దాని వెనక గేటు మూసేశారు. మూడో అంతస్తులో ఏ కిటికీ తెరుచుకోలేదు.

మేము గిన్నెలు సర్దుకుంటుండగా, గేటు మూసేశారని తెలియక ఒకాయన బండి మీద ఆదరాబాదరాగా వచ్చాడు. సంగతి తెలిసి, వాచ్‌మన్‌ని కాసేపు బతిమాలి, లాభం లేక మా షెడ్డులోకొచ్చి జనార్ధన్ గారి పక్కన కూలబడ్డాడు. హెల్మెట్ తీసి చెమట తుడుచుకున్నాడు. ఈ బెంచీ మీద ఎవరు కూర్చున్నా ముందు అడిగే ప్రశ్నే అతనూ అడిగాడు.

"మీ పిల్లగాడు ఏ క్లాసే అన్నా?"

"తొమ్మిది."

"ఎట్ల సదువుతడు?"

బాలమణి స్టవ్వు తగ్గించింది. గోపాలరావు గారు సంచీ జిప్పు లాగుతూ ఆగిపోయారు. మా ఆవిడ నా మోచేయి పట్టుకుంది. జనార్ధన్ గారు హాస్టల్ వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ, ఎవరూ ఎత్తుకుపోలేనంత చిన్న గొంతుతో జవాబిచ్చారు.

"మామూలు పిల్లగాడే తమ్మీ. అందరసొంటోడే."